యుద్ధం ముగిసిన తరువాత

1965 సెప్టెంబరు 23న భారత, పాకిస్తాన్ సేనల మధ్య కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది. యుద్ధంలో మరణించినవారిని జాతి స్మరించుకుంటుంది. క్షేమంగా తిరిగివచ్చినవారికి ఊరివారు హారతులిచ్చి స్వాగతం పలుకుతారు. ఈ ఉభయుల నడుమ మూడవ వర్గమొకటి ఉన్నది. వారు క్షతగాత్రులు. ఫిరంగుల మోత ఆగిన నాటినుండి వారి పోరాటం ఆసుపత్రి మంచంమీద ఆరంభమవుతుంది. అది నెలలలో ముగియవచ్చు, జీవితాంతమూ సాగవచ్చు.

సైనికునికి తగిలే గాయాలలో వెన్నుపాముకు తగిలే దెబ్బ అతిదారుణమైనది. వెన్నెముక లోపల, మెదడునుండి దిగువకు సాగే నాడీతంతువుల సముదాయమే వెన్నుపాము. ఎముక విరిగితే అతుకుతుంది. చర్మం తెగితే మానుతుంది. వెన్నుపాము తెగితే మాత్రం తిరిగి అతుకదు. దెబ్బ తగిలిన చోటికి దిగువన కదలికతోపాటు స్పర్శ కూడా నశిస్తుంది. ఈ స్పర్శ నశించడమే అసలు ప్రమాదం. మనం నిద్రలో సైతం తెలియకుండానే పక్కకు ఒత్తిగిలుతాం. ఒకేచోట బరువు పడితే కలిగే నొప్పి మనలను కదిలిస్తుంది. నొప్పి తెలియనివాడు కదలడు, కదలాలన్నా కదలలేడు. ఒత్తిడి పడినచోట రక్తప్రసారం ఆగి, చర్మం చితికి, పుండు పడుతుంది. అది ఎముకదాకా పోయినా రోగికి తెలియదు. దీనికి మూత్రాశయ వ్యాధులు తోడవుతాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇటువంటి క్షతగాత్రులలో అత్యధికులు తూటావల్ల గాక ఈ పుండ్లవల్ల, మూత్రవ్యాధులవల్ల మరణించారు. వారిని బ్రతికించడం అసాధ్యమని వైద్యులు సైతం భావించేవారు.

ఈ అభిప్రాయాన్ని మార్చినవాడు లుడ్విగ్ గుట్‌మన్. జర్మనీలో జన్మించిన యూదు నాడీవైద్యుడాయన. నాజీల దురాగతాలకు తాళలేక 1939లో ఇంగ్లండు చేరాడు. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల విభాగాన్ని ప్రారంభించాడు. ఆయన పద్ధతిలో అద్భుతమైన ఔషధమేదీ లేదు. ప్రతి రెండు గంటలకు ఒకసారి రోగిని పక్కకు తిప్పాలి. పగలు, రాత్రి కలిపి రోజుకు పన్నెండుసార్లు. మూత్రాశయాన్ని పరిశుభ్రంగా ఉంచాలి. రోగిని మంచంమీద ఊరకే పడి ఉండనీయక ఏదో ఒక పనిలో, ఆటలో నిమగ్నుని చేయాలి. వినడానికి ఇది అతి సామాన్యంగా తోస్తుంది. కాని పన్నెండుసార్లు తిప్పడమంటే పన్నెండుసార్లు ఒక మనిషి అక్కడ ఉండాలి. ఈ చికిత్సలోని కష్టమంతా అదే. 1948 జూలై 29న, లండను ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన రోజుననే, ఆయన తన ఆసుపత్రి ఆవరణలో 16 మందితో విలువిద్య పోటీ నిర్వహించాడు. కాలక్రమంలో అవే పారాలింపిక్ క్రీడలుగా రూపొందాయి.

మన దేశంలో ఇందుకు మురళీకాంత్ పేట్కర్ జీవితం ఉదాహరణగా నిలుస్తుంది. ఆయనది మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా. సైన్యంలో ఈ.ఎం.ఈ. విభాగానికి చెందిన జవాను. ఈ విభాగపు ప్రసిద్ధ శిక్షణాకేంద్రం మన సికింద్రాబాదులోనే ఉన్నది. పేట్కర్ మంచి ముష్టియోధుడు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి ఆయన నడుము దిగువభాగం చచ్చుబడింది. ముష్టియుద్ధం అసాధ్యమైపోయింది. చికిత్సలో భాగంగా ఈత నేర్చుకొమ్మని సలహా ఇచ్చారు. నీటిలో శరీరపు బరువు తేలికపడుతుంది; కాళ్ల పని చేతులు చేయగలుగుతాయి. చికిత్సగా మొదలైన ఈత సాధనగా మారింది. 1968లో టెల్ అవీవ్ పారాలింపిక్స్‌లో ఆయన టేబుల్ టెన్నిస్ ఆడాడు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతను 37.33 సెకన్లలో ముగించి, ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకం గెలుచుకున్నాడు. పారాలింపిక్స్‌లో భారతదేశానికి లభించిన మొదటి స్వర్ణం అదే.

ఈ విజయం ఒక్కని పట్టుదల ఫలితమేనని చెప్పుకోవడం మనకు అలవాటు. అది అర్ధసత్యం. విదేశాలకు వెళ్లే ప్రయాణవ్యయానికి క్రికెట్ క్రీడాకారుడు విజయ్ మర్చంట్ అండగా నిలిచాడు. జీవనానికి పూనాలోని టెల్కో సంస్థ ఉద్యోగమిచ్చింది. ప్రభుత్వ గుర్తింపు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 2018లో పద్మశ్రీ లభించింది. 2025 జనవరిలో అర్జున పురస్కారం అందింది. స్వర్ణపతకానికి, పద్మశ్రీకి మధ్య గడచిన కాలం నలభైఆరు సంవత్సరాలు!

పతకాలు రాని ఇండ్ల సంగతి వేరు. ఆసుపత్రినుండి వచ్చిన సైనికునికి మొదటి అడ్డంకి సొంత ఇంటి గడప. మన పల్లెటూరి ఇండ్లలో గడప ఎత్తు. అరుగు మెట్లు అంతకంటె ఎత్తు. చక్రాల కుర్చీ లోపలికి పోదు. స్నానాలగది పెరటిలో ఉంటుంది. తాపీమేస్త్రీ వచ్చి మెట్ల పక్కన ఏటవాలు బాట కట్టేవరకు కొడుకును తండ్రి, తమ్ముడు మోయవలసిందే. ఆసుపత్రిలో ముగ్గురు నర్సులు వంతులవారీగా చేసిన పని ఇంటివద్ద తల్లి మీదనో, భార్య మీదనో పడుతుంది. రాత్రి రెండు గంటలకొకసారి లేవడం, ఒంటిమీద ఎర్రని మచ్చ కనిపిస్తున్నదేమోనని దీపం వెలుగులో వెదకడం ఆమె నిత్యకృత్యం. తన పనులను పరులు చేయడం ఆత్మాభిమానం గల సైనికునికి దుర్భరం. అతడు కసురుకుంటాడు, ఆమె మాటలాడక దుప్పటి సరిచేస్తుంది. కొంతకాలానికి అతడు తనంతట తాను మంచంమీదినుండి కుర్చీలోకి జరగడం అభ్యసిస్తాడు. అప్పుడు సాయం చేయకుండా చూస్తూ నిలబడడం ఆమెకు అన్నిటికంటె కష్టమైన పని.

ఊరి బాధ్యత కూడా తక్కువేమీ కాదు. మొదటి నెలలో పరామర్శకు వచ్చేవారు ఎందరో. ఆరు నెలల తరువాత రచ్చబండ వద్దకు కుర్చీ తోసుకొనిపోయే స్నేహితుడు ఒక్కడున్నా మేలే. పింఛను కాగితాలు పట్టుకొని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్లేవాడు, దుకాణం లెక్కలు అప్పగించేవాడు అవసరం. జాలిచూపులకంటె అప్పగించిన లెక్కల పుస్తకమే అతనికి ఎక్కువ బలమిస్తుంది.

ఇంటివద్ద చూసేవారు లేని సైనికుల మాటేమిటి? మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, వికలాంగ సైనికులకు వృత్తివిద్య నేర్పడానికి బొంబాయిలో క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. తరువాత అది పూనా సమీపంలోని ఖడ్కీకి తరలింది. కాళ్లు, చేతులు కోల్పోయినవారికి కృత్రిమావయవాలు అమర్చే కేంద్రం 1944లో పూనాలో వెలసింది. వెన్నుపాము దెబ్బతిన్న సైనికులకోసం 1974లో ఖడ్కీలో పునరావాస కేంద్రాన్ని నెలకొల్పారు. అక్కడ నివసించేవారు చక్రాల కుర్చీలలో కూర్చుండి బాస్కెట్‌బాల్ ఆడతారు; చేతిపనులు నేర్చుకుంటారు. చేతులు కూడా కదలనివారిలో కొందరు కుంచెను పళ్లతో పట్టి చిత్రాలు వేస్తారు. రంగులు కలిపి, కాగితాన్ని నోటికి అందే ఎత్తులో నిలబెట్టడానికి మరొకరు పక్కన ఉంటారు.