యాభై పుస్తకాల మొక్కు: అపోహలు, వాస్తవాలు

డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. రెండు చోట్లా సంచులు నింపుకుని బయటికొచ్చేవాళ్లను చూస్తే కడుపు నిండుతుంది. చాలామంది ఇంటికి ఆ సంచితోపాటు ఒక మొక్కు కూడా వస్తుంది: ఈ ఏడాది యాభై పుస్తకాలు చదివి తీరాలని. సంక్రాంతి సెలవుల దాకా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత పుస్తకాలు బీరువా ఎక్కుతాయి, మనకు పట్టుదల లేదన్న దిగులు మిగులుతుంది. పట్టుదలను ఆడిపోసుకోవడం అన్యాయం. సంకల్పాల గురించి మనం నమ్ముతూ వస్తున్న మాటల్లోనే తేడా ఉంది.

అపోహ: 21 రోజులు వదలకుండా చేస్తే అలవాటైపోతుంది.

ఈ 21 పుట్టుక వేరు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో ‘సైకో సైబర్నెటిక్స్’ అనే పుస్తకం రాశారు. శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్లకు అద్దంలో తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని అందులో చెప్పారు. చేతులు మారేకొద్దీ అది ఏ అలవాటుకైనా సరిపోయే గడువుగా స్థిరపడింది. కొత్త ముక్కుకు సర్దుకోవడానికీ రోజూ రాత్రి పుస్తకం పట్టుకోవడానికీ పొంతన ఎక్కడ?

అలవాట్ల మీద నేరుగా చేసిన పరిశోధన ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు గమనించి, 2010లో ఫలితాలు ప్రచురించింది. ఎంచుకున్న పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని వాళ్ల అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా తేలింది. పదో రోజున చుట్టాలొచ్చి చదవడం కుదరకపోతే ‘ఇక అయిపోయింది’ అని వదిలేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లందరికీ ఈ ఒక్క సంగతి చేరితే బాగుండును.

అపోహ: లక్ష్యమంటే అంకె ఉండాలి, ఏడాదికి ఇన్ని పుస్తకాలని.

అన్నిటికన్నా చేటు చేసేది ఇదేనని నా అభిప్రాయం. అంకె పెట్టుకోగానే చెయ్యి సన్న పుస్తకాల వైపు పోతుంది. విశ్వనాథ ‘వేయిపడగలు’ లెక్కలో ఒకటే, గంటలో అయిపోయే పొట్టి పుస్తకమూ ఒకటే. ‘కన్యాశుల్కం’ మళ్లీ తీస్తే లెక్కకు ఏమీ కలవదు. కానీ పదహారేళ్లప్పుడు గిరీశం మాటలకు నవ్వుకున్నవాళ్లే నలభై ఏళ్లప్పుడు బుచ్చమ్మ దగ్గర ఆగిపోతారు. ఆ రెండో చదువును మనకు కాకుండా చేసే లెక్క ఎందుకు?

అంకె బదులు వేళా చోటూ పెట్టుకోండి. ‘ఫలానా పని అవగానే, ఫలానా చోట, ఇది చేస్తాను’ అని ముందే తేల్చుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ దశాబ్దాలుగా చూపిస్తూ వచ్చారు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి ఇలాంటి 94 పరీక్షలను ఒకచోట చేర్చి చూసినా అదే తేలింది.

మా పెద్దమ్మకు ఈ పరిశోధనలేవీ తెలియవు. మధ్యాహ్నం గిన్నెలు తోమి బోర్లించాక వెనక వరండాలో మడత కుర్చీ వాల్చుకుంటుంది. కళ్లజోడు పుస్తకంలోనే ఉంటుంది, క్రితం రోజు ఆపిన పేజీలో. పేపరు చూడాలన్నా ముందు ఆ పుస్తకం తెరవాల్సిందే. ఒక్కోసారి రెండు పేజీలకే కునుకు పట్టేస్తుంది, పట్టనీ. ఏడాదికెన్ని చదివావంటే ఆవిడ దగ్గర లెక్క లేదు. ‘అల్పజీవి’ సుబ్బయ్య సంగతి ఎత్తితే మాత్రం పక్కింటాయన గురించి చెప్పినట్టు చెబుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివాళ్లకు సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ చెబుతాను. మొత్తం నూరు కథలు, ఒక్కోటీ కొద్ది పేజీలే. రాత్రి భోజనమయ్యాక ఫోను వేరే గదిలో చార్జింగుకు పెట్టి ఒక కథ చదవొచ్చు.

అపోహ: మొదలుపెట్టిన పుస్తకం పూర్తిచేసి తీరాలి.

అక్కర్లేదు. నచ్చని పుస్తకం మంచం పక్కన నెలల తరబడి ఉంటే, దాని వెనక క్యూలో ఉన్న మంచి పుస్తకాలు కూడా ఆగిపోతాయి. ఎవరికైనా ఇచ్చేయండి.

అపోహ: లక్ష్యాన్ని కాగితం మీద రాసుకుంటే సగం గెలిచినట్టే.

దీనికి ఒక కథ ప్రచారంలో ఉంది. 1953లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పట్టభద్రుల్లో 3 శాతం మందే లక్ష్యాలు రాసుకున్నారట, ఇరవై ఏళ్ల తర్వాత మిగతా 97 శాతం మంది ఆస్తి కలిపినా వాళ్ల ఆస్తికి సరితూగలేదట. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో తరచూ వినబడేదే. అలాంటి అధ్యయనం అసలు జరగనే లేదు. 1996లో ‘ఫాస్ట్ కంపెనీ’ పత్రిక ఆరా తీస్తే ఆధారం దొరకలేదు. రాసుకోవడం తప్పేమీ కాదు, కానీ రాసేది ఎప్పుడు, ఎక్కడ చదువుతామో అయితే పనికొస్తుంది.

అపోహ: స్పీడ్ రీడింగ్ నేర్చుకుంటే ఎన్నయినా చదవొచ్చు.

చదువుకు అడ్డం కళ్ల వేగం కాదు, అర్థం చేసుకునే వేగం. కీత్ రేనర్, ఆయన సహచరులు ఈ రంగంలోని పరిశోధనలను సమీక్షించి, వేగం బాగా పెంచితే అవగాహన తగ్గక తప్పదని తేల్చారు, ఆ సమీక్ష 2016లో అచ్చయింది. వేగం దానంతటదే పెరిగే దారి ఒకటుంది: మాటలతో పరిచయం. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ తీసుకోండి. చిత్తూరు జిల్లా పలుకుబడి తెలియనివాళ్లకు మొదటి కథ నెమ్మదిగా సాగుతుంది, నాలుగో కథకు వచ్చేసరికి ఆ యాస చెవిలో పలుకుతుంది.

అపోహ: కొత్త సంవత్సరం సంకల్పాలు ఎవరికీ నిలవవు.

అమెరికాలో జాన్ నార్‌క్రాస్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, సంకల్పం చెప్పుకున్నవాళ్లలో 46 శాతం మంది ఆరు నెలల తర్వాత కూడా దాని మీద నిలబడ్డారు. మారాలనుకుంటూ సంకల్పం చెప్పుకోనివాళ్లలో నిలబడింది 4 శాతమే. స్వీడన్‌లో వెయ్యి మందికి పైగా పాల్గొన్న మరో అధ్యయనం 2020లో వచ్చింది. ఏదో ఒకటి చేస్తామనుకున్నవాళ్లలో 59 శాతం మంది, మానేస్తామనుకున్నవాళ్లలో 47 శాతం మంది ఏడాది తర్వాత తాము నెగ్గామన్నారు. అందుకే ‘ఫోను చూడను’ అనుకోవడం కన్నా ‘పది పేజీలు చదువుతాను’ అనుకోవడం మేలు.

జనవరి 1 దాటిపోయినా ఫరవాలేదు. వారం, నెల, పుట్టినరోజు, ఏది కొత్తగా మొదలైనా మనుషుల్లో అలాంటి ఉత్సాహమే లేస్తుందని 2014లో హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ చూపించారు. మనకు ఉగాది ఉంది, బడులు తెరిచే జూన్ ఉంది, నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాలున్నాయి. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే కొద్దిపాటి ధరావతు కట్టి సభ్యత్వం తీసుకోండి. పుస్తకం ఇంటికిస్తారు, తిరిగివ్వాల్సిన తేదీ కూడా వాళ్లే వేసిస్తారు.