వానలో తడిసిన మడాకు

మాఘమాసమున అడవులదీవి సమీపమునందలి మడ అడవిలో ఒక ఆకును నాలుకకు తాకించి చూడగా ఉప్పగా నుండెననియు, శ్రావణపు ముసురులో అదే త్రోవను తడియుచు నడచి, అదే చెట్టు ఆకును మరల రుచి చూడగా ఉప్పదనము లేశమైనను లేదనియు, ఇందులకు కారణమేమనియు తెనాలి నుండి ఒక పాఠకుడు అడిగినాడు. వాన ఉప్పును కడిగివేసినదని ఒక్క మాటలో బదులు చెప్పవచ్చును. అది అసత్యమును కాదు. కాని ఆ ఉప్పు ఆకు మీదికి ఎట్లు వచ్చెను, వాన వచ్చి కడుగునందాక అచ్చట ఏమి చేయుచుండెను అని విచారించితిమా, వృక్షశాస్త్రమున ఇంతకంటె రమణీయమైన ప్రకరణము నాకు వేరొకటి కానరాదు.

రేపల్లెకు దక్షిణమున, నిజాంపట్నము మొదలుకొని కృష్ణ పాయలు కడలి గలియు తావుల వరకు ఈ యడవి వ్యాపించియున్నది. కృష్ణా వన్యప్రాణి సంరక్షణ కేంద్రములో కొంత చేరియున్నది. ఇందలి ముఖ్యవృక్షము తెల్లమడ. శాస్త్రజ్ఞులు అవిసెన్నియా మెరైనా అందురు. బురదలో గాలి చొరదు గనుక దీని వేళ్లు పైకి నిక్కి శ్వాసించునను సంగతి పాఠ్యపుస్తకములలో నున్నదే. దానిని విడిచి ఉప్పు కథకు వత్తము.

లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములుండును. దానినుండి మంచినీటిని లాగవలెనన్న సుమారు 25 వాతావరణముల పీడనమును జయింపవలెను. జావా తీరమున ఈ చెట్లను పరిశీలించిన జర్మను పండితుడు షింపర్, నీటి నడుమ నిలిచియు వేళ్లు దానిని సులభముగా గ్రోలలేవు గనుక ఇవి ఎడారి మొక్కల వలె పొదుపుగా బ్రదుకునని తలంచెను. నీరు దుర్లభమనుట నిజమే. చెట్టు శక్తిని మాత్రము ఆయన తక్కువగా నెంచెను. 1965లో షోలాండర్ అను శాస్త్రజ్ఞుడు సహచరులతో గూడి, కోసిన కొమ్మను ఉక్కుపాత్రలో బిగించి, తెగిన కొన మాత్రము వెలుపల నుండునట్లు చేసి, లోపలి వాయుపీడనమును అంతకంతకు హెచ్చింపగా, ఏ పీడనమున ఆ కొనపై రసబిందువు పొటమరించునో అంత బలముతోనే చెట్టు నీటిని పైకి లాగుచున్నదని నిర్ణయించెను. మడజాతి వృక్షములలో ఆ బలము 35 మొదలు 60 వాతావరణముల దాక నుండెను. ఊరూర వెలసిన ఆర్.ఓ. ప్లాంట్లలో విద్యుత్తు, మోటారు చేయు పనిని, ఆకులనుండి ఆవిరియగు నీటి లాగుడు మాత్రమే ఇచ్చట చేయుచున్నది. తెల్లమడ వేళ్లు ఉప్పులో నూటికి తొంబై పాళ్లకు పైగా వెలుపలనే నిలిపివేయును.

మిగిలిన ఉప్పు రసముతో ఆకును జేరును. పండుటాకులలో దానిని పోగుచేసి రాల్చివేయునని చాలకాలము నమ్మిరి. నేటికిని అనేకులు అట్లే చెప్పుదురు. తూచి చూచినవారికి ఆ లెక్క కుదరలేదు. తెల్లమడ యందు ముఖ్యముగా ఈ పని చేయునవి ఆకుపై నుండు సూక్ష్మలవణగ్రంథులు. ఒక్కొక్క గ్రంథి కొలది కణముల సముదాయము. ఆకులోని ఉప్పును గ్రహించి, పైపొరయందలి సన్నని రంధ్రముల ద్వారా వెలికి నెట్టును. ఎండకు అది పలుకులై మెరయును. మన పాఠకుడు మాఘమున రుచి చూచినది దీనినే.

ఇక నన్ను ఆనందపరవశుని జేసిన సంగతి. ఉప్పు వర్షాకాలపు గాలిలో చెమర్చునని మన యిండ్లలో ఎవరెరుగరు? ఆకుపై ఉప్పును అట్లే: గాలిలోని తేమ నూటికి 75 పాళ్లను మించినంతనే ఆ తేమను పీల్చి కరగి ద్రవమగును. గాలి ఇంకను చెమ్మగిలిన కొలది ఆ ద్రవము పలుచబడును. శుష్కతీరములందు పెరుగు తెల్లమడపై జరిగి 2021లో ప్రకటితమైన పరిశోధన, ఈ తేమ ఆకులోనికి ఇంకి, రసము వేళ్లనుండి ఆకులకు గాక ఆకులనుండి కాండము వైపునకు వెనుదిరిగి ప్రవహించునని తెలిపినది. చెట్టు తాను విసర్జించిన ఉప్పుతోనే గాలినుండి నీటిని పట్టుచున్నదన్న మాట! వానయే కురిసినచో ఇంత తంటా లేదు: ఉప్పు కడుగుకొనిపోవును, తడిసిన ఆకు తిన్నగా మంచినీటిని త్రాగును, వేళ్ల చెంత బురదలోని ఉప్పును పలుచబడును. శ్రావణపు ముసురులో నడచిన మన పాఠకుని చుట్టును అడవియంతయు ఆకులతో దాహము తీర్చుకొనుచుండెను.

మడ అడవి మాట రాగానే 1977 నవంబరు నాటి ఉప్పెనను దలచి, ఇది తీరమునకు కోటగోడ యని చెప్పి ఊరకుందురు. గోడయే; కాని ప్రాణమున్న గోడ, దానికి దాహము గలదు. మడకు ఉప్పునీరే ప్రీతి యనుట పొరపాటు. అది ఉప్పును సహించును, మంచినీరు కలిసిన చోట ఏపుగా పెరుగును. కృష్ణ నీరు సముద్రమున వృథాగా కలియుచున్నదని వాపోవు పెద్దలు ఈ సంగతిని ఆలోచింపవలెను. ప్రకాశం బ్యారేజి దాటి వచ్చు నీరు ఈ యడవికి వృథా కాదు.

వానలో పోదలచిన పాఠకులు అటవీశాఖవారి అనుమతితో, స్థానికులైన పల్లెకారులను వెంటగొని, పోటువేళ గాక పాటువేళ పోవలెను. శ్వాసవేళ్లను త్రొక్కరాదు. తెల్లమడ నడుమ తిల్ల చెట్లును గలవు. వాని కొమ్మ విరువరాదు, ఆ పాలు కంటబడినచో తీవ్రమైన మంట పుట్టి చూపునకే ముప్పు వాటిల్లవచ్చును.