పేరు అడిగిన చేతులు



ఎల్లారెడ్డి ప్రాంతపు ఒక పల్లె సంఘములో బీడీలు చుట్టి బ్రతికే సహోదరి ఒకరున్నారు. ఆమెకు పుట్టుకతోనే వినబడదు. ఊరిలో ఎవరూ పేరుపెట్టి పిలువరు, "మూగామె" అందురు. ప్రతి ఆదివారము ముందు వరుసలోనే కూర్చుండును. ఆరేండ్లు మేము ఆమె యెదుట ప్రసంగించితిమి గాని, ఆమెతో ఒక్క మాటయు చెప్పలేదు.

ఒక క్రిస్మస్ కాలమున కామారెడ్డి, ఎల్లారెడ్డి సంఘస్థులతో మెదక్ చర్చికి వెళ్లితిమి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మందిరములో మూడు రంగుటద్దాల కిటికీలున్నవి. ఆరోహణము 1927లో, జననము 1947లో, సిలువ 1958లో అమర్చబడినవి. ఆమె వాటిని చాలసేపు చూచి మావైపు తిరిగినది. ఒడిలో బిడ్డను ఊపినది, రెండు చేతులు చాపినది, పిమ్మట ఆకాశమువైపు చూపినది. వరుస తప్పలేదు. ఆ దినము ప్రసంగము ఆమెదే, వినువారము మేము.

లూకా మొదటి అధ్యాయము గుర్తునకు వచ్చినది. జెకర్యా మాట పడిపోయినప్పుడు బంధువులు బిడ్డ పేరేమని సైగలతో అడిగిరి. అంటే ఆయనకు వినికిడియు లేదని పండితులు అనేకుల తలంపు. ఆయన పలకమీద వ్రాసి చూపెను. ఇటలీ సన్యాసి ఫ్రా ఆంజెలికో 1430ల ప్రాంతమున ఈ ఘట్టమునే చిత్రించెను. కూర్చుండి వ్రాయుచున్న వృద్ధుడు, చుట్టును స్త్రీలు, ఒకరి చేతులలో శిశువు. ఆ చిన్న పటము నేడు ఫ్లోరెన్స్ నగరములో ఉన్నది.

వినబడనివారు పటములలో కనబడుటయే కాదు, పటములు వ్రాసినవారు కూడ. స్పెయిన్ దేశస్థుడు నవరెతె (1526–1579) పసితనముననే చెవిటివాడై, సైగలతో మాటలాడుచు, రాజు ఫిలిప్ ఆస్థాన చిత్రకారుడాయెను. లోకము ఆయనను కూడ "మూగవాడు" అనియే పిలిచినది! మన దేశములో ఎనిమిదేండ్లకే వినికిడి కోల్పోయిన సతీష్ గుజ్రాల్ (1925–2020) చిత్రకారుడుగా, శిల్పిగా పేరొంది, 1999లో పద్మవిభూషణ్ పొందెను.

మెదక్ నుండి వచ్చిన పిమ్మట ఆమె తల్లిని అడిగి పేరు తెలిసికొంటిమి. ఆ పేరునకు ఆమెయే ఒక సైగ నేర్పినది. ఇప్పుడు సండే స్కూలు పిల్లలందరికిని అది వచ్చును.

మీ యింటనో, వాడలోనో అట్టివారున్నారా? వెలుతురులో కూర్చుండబెట్టుడి. ముఖము చూపి మాటలాడుడి. బిడ్డయైతే తప్పక బడికి పంపుడి. 2018లో 3,000 పదములతో భారతీయ సంకేత భాషకు నిఘంటువే వెలువడినది. కాని మొదట పేరు అడుగుడి. జెకర్యా బంధువులు ఆ మాత్రము చేసిరి.