చలాన్ పడింది... కోర్టుకు పోవాలా?

పెద్దపల్లి జిల్లా మంథనిలో బండి తీసి, సెంటినరీ కాలనీ మీదుగా గోదావరిఖని పోయి, సాయంత్రానికి ఇల్లు చేరిన మనిషికి తన బండి మీద కేసు రాసిన సంగతి నెల దాటినా తెలియకపోవచ్చు. ఇదివరకు పోలీసు చెయ్యి అడ్డం పెట్టి ఆపేవాడు, కాగితాలు చూసేవాడు, రసీదు చింపి చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు ఆపాల్సిన పని లేదు. రోడ్డు పక్కన నిలబడి ఒక్క ఫొటో తీస్తే చాలు, నంబరు ప్లేటును బట్టి చలాన్ తయారవుతుంది. "ఫొటో గొట్టిండ్రు" అన్న మాట ఊళ్లలో అందుకే పాకింది. ఆ తర్వాత ఏం జరుగుతుందో మాత్రం చాలామంది పట్టించుకోరు. తమది కాని తప్పుకు కొందరు డబ్బు కట్టేస్తున్నారు. కచ్చితంగా తేల్చుకోవాల్సిన కేసును ఇంకొందరు పక్కన పడేసి, సమన్లు వచ్చాక కంగారు పడుతున్నారు.

మొదట గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: చలాన్ తీర్పు కాదు. ఫలానా రోజు, ఫలానా చోట, ఈ బండి ఈ నిబంధన తప్పిందని పోలీసులు చేసే ఆరోపణ అది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 200వ సెక్షన్ ప్రకారం చిన్న తప్పులకు రాష్ట్ర ప్రభుత్వం ఒక రుసుము నిర్ణయించవచ్చు. అది కడితే కేసు అక్కడితో ముగుస్తుంది, కోర్టు మెట్లెక్కే పని ఉండదు. ఒప్పుకోకపోయినా, కట్టకపోయినా విషయం తేల్చాల్సింది మేజిస్ట్రేటే.

ఇంతకీ చలాన్ పడిందో లేదో ఎట్లా తెలుస్తుంది? తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు, ఇంజిన్ లేదా ఛాసిస్ నంబరులోని చివరి నాలుగు అంకెలు కొడితే చాలు. ఆర్సీ చేతిలో ఉంటే రెండు నిమిషాల పని. తెరమీద వరసగా పోలీసు యూనిట్ పేరు, చలాన్ నంబరు, తేదీ, సమయం, తప్పు జరిగిన చోటు, ఏ స్టేషన్ పరిధి, ఏ తప్పు, జరిమానా ఎంత అన్నవి వస్తాయి. జరిమానాకు తోడు ఒక్కో చలాన్‌కు 35 రూపాయల యూజర్ ఛార్జీ కనిపిస్తుంది. చివరి గడిలో ఫొటో ఉంటుంది. చాలామంది మొత్తం ఎంతో చూస్తారు, ఫొటో చూడరు. నిజానికి ముందు చూడాల్సింది ఆ ఫొటోనే.

ఫొటో తెరిచి పెద్దది చేసి చూడాలి. ప్లేటు మీద నంబరు పూర్తిగా కనబడుతోందా? మూడు, ఎనిమిది ఒకటిగా కలిసిపోయాయా? బండి మోడల్, రంగు మనదేనా? ఈ ప్రాంతంలో పాత కరీంనగర్ జిల్లా ఏపీ 15 బండ్లు, టీఎస్ 02 బండ్లు, పెద్దపల్లి జిల్లా ఏర్పడ్డాక వచ్చిన టీఎస్ 22 బండ్లు, 2024 మార్చి తర్వాతి టీజీ 22 బండ్లు ఒకే రోడ్డు మీద తిరుగుతున్నాయి. అక్షరాలు మారి తక్కిన అంకెలు ఒకటే ఉన్న బండ్లు తారసపడటం వింతేమీ కాదు. ప్లేటు మట్టికొట్టుకుపోయి ఉంటే పొరపాటుకు ఇంకా ఎక్కువ ఆస్కారం. బండి మనది కాదని తేలితే డబ్బు కట్టవద్దు. ఆర్సీ కాపీ, మన బండి ఫొటో జతచేసి సైట్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, లేదా చలాన్ రాసిన యూనిట్‌కు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. నోటిమాట సరిపోదు. ఇచ్చిన కాగితం నకలు మీద ముద్ర వేయించుకుని దాచుకోవాలి.

అసలు తలనొప్పి అమ్మేసిన బండ్లతో. పాత బైకు అమ్మి, డబ్బులు తీసుకుని, తాళంచెవి ఇచ్చి "ఆర్సీ తర్వాత మార్చుకో" అనుకుని ఊరుకునేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కొన్నవాడు ఎక్కడ తిరిగినా చలాన్ మాత్రం పాత యజమాని పేరుకే వస్తుంది. రాష్ట్రం లోపలే అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాళ్లు రవాణా అధికారికి తెలపాలని, 30 రోజుల్లో కొన్నవాళ్లు తమ పేరు ఎక్కించుకోవాలని చట్టంలోని 50వ సెక్షన్ చెబుతోంది. 29, 30 నంబరు ఫారాలు ఇందుకే. చలాన్లదాకా ఎందుకు, ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం కేసులోకి లాగేది కూడా ఆర్సీలో పేరున్న మనిషినే. అమ్మకం కాగితం రాసుకోవడం ఎంత ముఖ్యమో, ఆ ఫారాలు దాఖలు చేయడం అంతకంటే ముఖ్యం.

బండి మనదే కానీ తప్పు చేయలేదనుకుంటే? అతివేగం, ప్రమాదకరంగా నడపడం లాంటి నేరాల్లో 209వ సెక్షన్ వాహనదారుకు కొంత రక్షణ ఇస్తుంది. అక్కడికక్కడ హెచ్చరించి ఉండాలి, లేదా 14 రోజుల్లో నోటీసు పంపి ఉండాలి, లేదా 28 రోజుల్లో సమన్లు అంది ఉండాలి. కొన్ని మినహాయింపులు ఉన్నా, వీటిలో ఏదీ జరగకపోతే మామూలుగా శిక్ష వేయకూడదు. కెమెరాలతో నమోదయ్యే కేసులకు 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ నిబంధన తెచ్చింది. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలని, చలాన్ తేలేదాకా ఎలక్ట్రానిక్ రికార్డు భద్రపరచాలని అందులో ఉంది. పైగా జరిమానా తప్ప వేరే శిక్ష లేని నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు సాధారణంగా విచారణకు తీసుకోరాదు. ఆలస్యానికి సరైన కారణం ఉందని కోర్టు అనుకుంటే అది వేరే సంగతి. ఈ గడువులు తెలిసినవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

పోలీసు సైట్‌లో కనిపించేది పోలీసుల రికార్డు, కోర్టు రికార్డు కాదు. ఈ రెండూ ఒకటేనని అనుకోవడంతోనే గందరగోళం మొదలవుతుంది. చలాన్ కోర్టుకు చేరి కేసుగా నమోదైతేనే ఈ-కోర్ట్స్ సైట్‌లో గానీ, యాప్‌లో గానీ కనిపిస్తుంది. అక్కడ తెలంగాణ, పెద్దపల్లి జిల్లా, మంథని కోర్టు ఎంచుకుని కక్షిదారు పేరుతో వెతకవచ్చు. కేసు నంబరు, ఎఫ్ఐఆర్ నంబరు, వకీలు పేరుతోనూ దొరుకుతుంది. చిన్న కేసులు ఎక్కువగా ఎస్‌టీసీ అన్న గుర్తుతో ఉంటాయి. ప్రతి కేసుకు సీఎన్ఆర్ అని 16 అక్షరాలు, అంకెల గుర్తు ఉంటుంది. మొదటి రెండక్షరాలు రాష్ట్రం, తర్వాతి రెండు జిల్లా, చివరి నాలుగంకెలు సంవత్సరం. అది ఒక్కటి రాసిపెట్టుకుంటే వాయిదా ఎప్పుడు, ఏ ఉత్తర్వు వచ్చింది అన్నది ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. పేరుతో వెతికేటప్పుడు ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి చూడాలి, రికార్డుల్లో అట్లా ఇట్లా కూడా ఎక్కిస్తారు.

మంథని కోర్టు ఒకప్పుడు కరీంనగర్ జిల్లా కోర్టు కింద ఉండేది. 2022 జూన్ 2న అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ తెలంగాణలో కొత్త న్యాయ జిల్లాలను ప్రారంభించాక పెద్దపల్లికి సొంత జిల్లా కోర్టు వచ్చింది. పాత కేసుల కోసం వెతికేవాళ్లు ఈ మార్పును మనసులో పెట్టుకోవాలి.

సమన్లు వస్తే భయపడాల్సిన పని లేదు, పారేయడం మాత్రం మంచిది కాదు. వాయిదాకు వెళ్లకపోతే వారంటు రావచ్చు. చిన్న నేరాల్లో మనిషి స్వయంగా పోనక్కర్లేదు, వకీలును పంపవచ్చు. నేరం ఒప్పుకునేవాళ్లు రిజిస్టర్డ్ ఉత్తరం రాసి, సమన్లలో చెప్పిన మొత్తం పంపే వీలు కూడా 208వ సెక్షన్‌లో ఉంది. కూలి మానుకుని రోజంతా కోర్టు వరండాలో నిలబడేవాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పకపోవడం బాధాకరం. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవల సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేదు. ఏడాదిలో కొన్నిసార్లు జరిగే జాతీయ లోక్ అదాలత్‌లో రాజీపడదగ్గ కేసులు ఒక్కరోజులో ముగుస్తాయి, ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు.

అన్నీ డబ్బు కట్టి వదిలించుకునేవి కావు. తాగి నడిపితే 185వ సెక్షన్ కింద తప్పకుండా కోర్టుకే పోవాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే అది నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, పది వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పిల్లల చేతికి బండి ఇచ్చే తల్లిదండ్రులు 199ఏ సెక్షన్ గురించి వినాలి: పెద్దవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. పదో తరగతి పిల్లవాడు బైకు మీద ట్యూషన్‌కు పోతుంటే మురిసిపోయే ఇళ్లు ఇది పట్టించుకోవాలి.

రాయితీల సంగతి కూడా చెప్పుకోవాలి. 2022 మార్చి 1 నుంచి ఏప్రిల్ 15 దాకా ద్విచక్ర వాహనాల పాత చలాన్లపై 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు 26 నుంచి మళ్లీ తెరిచి, గడువు పెంచుకుంటూ 2024 ఫిబ్రవరి 15 దాకా వాటిపై 80 శాతం తగ్గించారు. ఖజానాకు డబ్బు వచ్చిన మాట నిజం. కానీ పడ్డ నెలలోనే నిజాయితీగా కట్టినవాడు మొత్తం కట్టాడు, ఏళ్లు దాటవేసినవాడు ఐదో వంతుతో బయటపడ్డాడు. ఇది న్యాయం అనిపించుకోదు. మళ్లీ రాయితీ వస్తుందన్న ఆశతో చలాన్లు పేర్చుకునే అలవాటు అక్కడి నుంచే వచ్చింది.

మంథనివాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కాటారం, కాళేశ్వరం దాటి గోదావరి వంతెన ఎక్కితే అవతల సిరోంచ, మహారాష్ట్ర. అక్కడ పడ్డ చలాన్ తెలంగాణ సైట్‌లో కనబడదు. మహారాష్ట్ర ట్రాఫిక్ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో వెతకాలి. 2019 సవరణ చట్టంతో చిన్న తప్పులకు పెరిగిన జరిమానాలను తెలంగాణ అమలు చేయలేదు, మహారాష్ట్ర చేసింది. కాబట్టి నది దాటితే అదే తప్పుకు ఎక్కువ చెల్లించాల్సి వస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది ఇంకో రూపంలో ఎదురవుతుంది. టెక్సాస్‌లో వేగం టికెట్ పడితే సిటీ మున్సిపల్ కోర్టు గానీ, కౌంటీలోని జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టు గానీ చూస్తుంది. ఆ రికార్డులు బహిరంగమే. అర్హత ఉన్నవాళ్లు సురక్షిత డ్రైవింగ్ కోర్సు చేసి టికెట్ కొట్టేయించుకోవచ్చు. గడువులోగా జవాబివ్వకపోతే మాత్రం వారంటు రావచ్చు. పౌరసత్వ దరఖాస్తులో గతంలో పడ్డ టికెట్ల గురించి కూడా అడుగుతారు.

చివరిగా ఒక హెచ్చరిక. "మీ బండికి చలాన్ ఉంది, ఈ యాప్ దించుకోండి" అని వాట్సాప్‌లో వచ్చే ఫైల్ నొక్కవద్దు, అది బ్యాంకు ఖాతా ఖాళీ చేసే మోసం. ప్రభుత్వ సైట్ చిరునామా జీఓవీ డాట్ ఇన్ అని ముగుస్తుంది, యాప్ ఫైళ్లు పంపదు. పొరపాటున డబ్బు పోతే గంటలు గడవకముందే 1930కి ఫోన్ చేయాలి. చలాన్, కోర్టు కేసు విషయంలో ఉచిత న్యాయ సలహా కావాలంటే న్యాయ సేవల సంస్థ నంబరు 15100.