రాతిలో చమురు దారి

అపోహ: భూమి అడుగున చమురు చెరువులా నిండి ఉంటుంది. బోరు దింపితే తోడుకోవడమే.

వాస్తవం: చెరువూ లేదు, కాలువా లేదు. కంటికి గట్టిగా కనిపించే రాతి రంధ్రాల్లో, ఉప్పునీటితో చోటు పంచుకుంటూ ఉంటుంది చమురు. 1974లో సాగర్ సమ్రాట్ రిగ్గు బాంబే హైలో కనిపెట్టింది సున్నపురాతి పొరల్లోని చమురునే. మన తీరానికి దగ్గర్లోని రవ్వ క్షేత్రానిది మాత్రం ఇసుకరాయి.

అపోహ: రంధ్రాలు ఎక్కువైతే చమురూ జోరుగా పారుతుంది.

వాస్తవం: రాతిలో ఎంత ఉందన్నది ఒక లెక్క, ఎంత కదులుతుందన్నది ఇంకో లెక్క. నార్వే సముద్రజలాల్లో 1969లో బయటపడ్డ ఎకోఫిస్క్ క్షేత్రాన్నే చూడండి. అక్కడిది సుద్దరాయి, సూక్ష్మమైన సముద్రపు నాచు పెంకులు పేరుకుని ఏర్పడింది. చాలాచోట్ల అందులో 30-40 శాతం ఖాళీయే. కానీ ఒక రంధ్రం నుంచి ఇంకోదానికి వెళ్లే సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు అటూఇటూ! బావులు బాగా పారాయంటే ఆ పుణ్యం పగుళ్లది.

అపోహ: చమురును తోయడానికి రాతిలోకి నీళ్లు ఎక్కిస్తే అదంతా వరసగా ముందుకు జరుగుతుంది.

వాస్తవం: అంత బుద్ధిగా జరగదు. పగులు దొరికితే నీరు దాని వెంటే పరుగెత్తి చమురు బావిలో తేలుతుంది. పక్కనున్న రాతిలోని చమురు అక్కడే ఉండిపోతుంది. పైగా చాలా సున్నపురాళ్లలో రంధ్రాల గోడలకు చమురు పట్టేసి ఉంటుంది, నీటిని లోపలికి రానివ్వదు. ఎకోఫిస్క్‌లోనూ ఇంజనీర్లకు పగుళ్ల భయం ఉండేది. అయితే అక్కడి సుద్ద చాలావరకు నీటిని ఇష్టపడే రకం. వత్తి నూనెను పీల్చినట్టు పగుళ్లలోని నీటిని పీల్చుకుని, తనలోని చమురును ఆ పగుళ్లలోకే వదిలింది. 1987లో పెద్ద ఎత్తున మొదలైన ఈ నీళ్లు ఎక్కించే పని ఫలితం చిన్నది కాదు. ఉన్న చమురులో ఐదో వంతు కూడా రాదనుకున్న చోట సగానికి పైగా వస్తుందని ఇప్పటి అంచనా.

అపోహ: తీసిన చమురుకు బదులు నీరు నింపితే నేల కుంగదు.

వాస్తవం: ఎకోఫిస్క్ కింద సముద్రపు నేల కుంగుతోందని 1984లో తేలింది. 1987లో ఉక్కు ప్లాట్‌ఫారాలను జాకీలతో 6 మీటర్లు పైకి లేపారు. నీరు ఎక్కించాక ఒత్తిడి పుంజుకుంది. సుద్ద మాత్రం నీటికి మెత్తబడి ఇంకా అణగసాగింది. కుంగుబాటు ఏళ్ల తరబడి సాగాకే నెమ్మదించింది. 1998లో పని మొదలుపెట్టిన కొత్త ప్లాట్‌ఫారాలను, నేల ఇంకా దిగుతుందన్న లెక్కతోనే ఎత్తుగా కట్టారు.