మడతపడని తుపాకీ

జంట గొట్టాల వేట తుపాకీ అనగానే, నడుము దగ్గర మడిచి, గొట్టాలను కిందికి వంచి, వెనుక నుంచి తూటాలు పెట్టే రకమే ఎక్కువమందికి గుర్తుకు వస్తుంది. ఫ్రాన్సులో లియాన్‌కు నైరుతి దిశలో, బొగ్గు గనులకూ రిబ్బన్ల నేతకూ సైకిళ్లకూ పేరుపడిన సెంటెటియెన్ పట్టణంలో 1881లో తుపాకుల తయారీ మొదలుపెట్టిన రెజిస్ డార్న్ మాత్రం ఆ మడతనే తీసివేసే దారి వెతికి, 1894లో జారే బ్రీచ్ పద్ధతికి పేటెంట్ పొందాడు.

బ్రీచ్ అంటే గొట్టం వెనుక భాగాన్ని మూసి ఉంచే ఇనుప దిమ్మ. డార్న్ తుపాకీలో గొట్టాలు కదలవు, ఈ దిమ్మే అలమరా సొరుగులా వెనక్కీ ముందుకీ జారుతుంది. పైన ఉన్న మీటకు ఇరువైపులా చెవుల్లాంటి పట్లు ఉంటాయి. వాటిని పట్టి మీటను పైకెత్తి వెనక్కి లాగితే గొట్టాల నోళ్లు తెరుచుకుంటాయి, కొత్త తూటాలు పెట్టి దిమ్మను ముందుకు తోసి మీటను అదిమితే బిగుసుకుంటుంది. మడత బందు లేదు కనుక ఏళ్ల తరబడి వాడినా అది వదులయ్యే బాధ లేదు. బందును మోసే బరువైన చట్రమూ అక్కరలేదు కనుక 20 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) తుపాకీ 2.5 కిలోలకు అటూ ఇటూగా తూగేది. అలవాటు లేని చేతికి ఈ జారుడు పద్ధతి కొంత చిరాకే, ఆ మాట దాచనక్కరలేదు.

డార్న్ కేటలాగు తిరగేస్తే తుపాకీ కొనడం దర్జీ దగ్గర కొలతలిచ్చి కుట్టించుకునే బట్టల వ్యవహారంలా కనిపిస్తుంది. సాదా రకాలకు ఆర్ అక్షరం, మేలురకాలకు వి అక్షరం, పక్కన అంకె. వి 19 నుంచి వి 22 వైపు పోయేకొద్దీ చెక్కడపు పనీ వాల్‌నట్ కర్ర నాణ్యతా ధరా పెరిగేవి. బోరు, గొట్టం పొడవు, కర్ర పిడి నిటారుగా ఉండాలా వంపుగా ఉండాలా అన్నదీ కొనేవాడి ఇష్టమే. గురి చూడటానికి రెండు గొట్టాల నడుమ ఉండే పట్టీని చివరిదాకా పోనీయకుండా మధ్యలోనే ఆపేసే పద్ధతికి ఫ్రెంచివారు ఈక అని పేరు పెట్టారు, అక్కడ తగ్గే కొద్దిపాటి బరువు కూడా లెక్కలోకి వచ్చేది. రోజంతా పొలాల వెంట నడిచే ఫ్రెంచి వేటగాడు తుపాకీని భుజానికి తగిలించుకుంటాడు కనుక తోలు పట్టీ కోసం కొక్కేలు పెట్టేవారు. కొన్ని ఫ్రెంచి తుపాకులలో ఆ పట్టీ కర్ర లోపలికే చుట్టుకుపోయేది.

అసలు విషయం గొట్టాల అడుగున ఉంటుంది. పట్టణంలోని పరీక్షాలయంలో మామూలు కంటే ఎక్కువ మందుగుండుతో పేల్చి చూసిన తరువాతే అక్కడ ముద్రలు కొట్టేవారు. వాటితో పాటు చూసుకోవలసింది తూటా గది పొడవు. పాత ఫ్రెంచి తుపాకులలో తూటా కూర్చునే గది పొడవు చాలాసార్లు 65 మిల్లీమీటర్లు, ఇప్పటి తూటా 70. ఆ కొలత పేలి మూతి విచ్చుకున్న తరువాతిది. పేలకముందు తూటా పొట్టిగానే ఉంటుంది కనుక 70 రకం కూడా పాత గదిలోకి ఏ అడ్డూ లేకుండా దూరిపోతుంది, పేలినప్పుడు మాత్రం దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక లోపలి ఒత్తిడి పెరుగుతుంది.