రక్తపరీక్ష వెనుకనున్న చేతులు

వానలు లేని యేట పెన్నేటి ఇసుకలో చెలమ త్రవ్వి నీరు తోడుకొనుట అనంతపురము సీమవారికి క్రొత్తగాదు. పైకి ఎండిన ఇసుకయే కనిపించినను క్రింద ఊట యుండును. మానవ శరీరమునందును అట్టి ఊట యొకటి గలదు. అది యెముకలలోని మూలుగ. అందలి మూలకణములు తమవంటి కణములను పుట్టించుకొనుచునే, రక్తకణములను కూడ నిరంతరము తయారుచేయుచుండును. ఎఱ్ఱకణము ఆయువు సుమారు 120 దినములు మాత్రమే. కావున ఈ ఊట ఎండినచో మనిషి నిలువడు.

ఈ ఊటను, దాని నుండి వచ్చు రక్తమును పరీక్షించువారిలో బయటకు పేరు రానివారు ప్రయోగశాల టెక్నీషియన్లు. వారి పని యెట్టిదో, మన పంచాయతీలకు దానితో గల సంబంధమేమో ఇచ్చట వివరింపదలచితిమి.

పెద్ద జబ్బులు వచ్చినపుడు రాయలసీమవారు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి పోవుట చిరకాలముగా నున్నదే. అచ్చట 1986లో మూలుగ మార్పిడి చికిత్స ప్రారంభమైనది. మూలకణ పరిశోధనా కేంద్రమును అచ్చటనే గలదు. హీమోఫీలియా అను జబ్బు గలవారికి గాయమైనచో రక్తము గడ్డకట్టదు. కీళ్లలో రక్తము చేరి వాచును. వెల్లూరు వైద్యులు ఐదుగురు రోగుల నుండి వారి మూలకణములనే తీసి, వానిలో లోపించిన జన్యువును చేర్చి, తిరిగి వారి శరీరములోనికి ఎక్కించిరి. ఆ పిమ్మట పరిశీలించిన కాలములో వారికి రక్తస్రావము కలుగలేదని 2024 డిసెంబరులో ప్రకటించిరి. ఇది యింకను పరిశోధన దశలోనిదే.

ఇట్టి పనిలో టెక్నీషియను చేయునదేమి? యంత్రముతో వేరుచేసిన కణములలో మూలకణములెన్ని గలవో లెక్కించును. సూక్ష్మజీవులు చొరని గదిలో వానిని పోషించును. ఆపి యుంచవలసిన కణములను మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజనులో భద్రపరచును. ప్రతి గొట్టముపై పేరు, సంఖ్య, తేదీ వ్రాసి, రెండవ మనిషిచేత సరిచూపించును. ఫలితముపై అనుమానము కలిగినచో దానిని పంపక, మరల పరీక్షించును. ఈ పనిలో చేతి నైపుణ్యమెంత ముఖ్యమో నిజాయితీయు నంతే ముఖ్యము. పేరు మారిన గొట్టము ఒక్కటి చాలును, ఒకరి చికిత్స మరియొకరికి జరుగుటకు.

అయితే ఈ జాగ్రత్త వెల్లూరులో ఆరంభమగుట లేదు. మన ఊరి ఉపకేంద్రములోనే ఆరంభమగుచున్నది. అందువలన పంచాయతీ సభ్యులు ఈ క్రింది విషయములు గమనింపవలెను.

మొదటిది: రక్తము తీసినచో బలహీనత వచ్చునను భయమును పోగొట్టవలెను. పెద్దవారి దేహమున నాలుగైదు లీటర్ల రక్తముండును. సాధారణ పరీక్షకు తీయునది కొద్ది మిల్లీలీటర్లే.

రెండవది: ఒకే గ్రామమున ఒకే పేరు గలవారు నలుగురుందురు. కావున నమూనా ఇచ్చువారు తమ పేరుతోపాటు ఇంటిపేరు, వయస్సు, తండ్రి లేక భర్త పేరు స్పష్టముగా చెప్పవలెను. ఒకరి గ్రూపు రక్తము మరియొకరికెక్కినచో ప్రాణాపాయము.

మూడవది: తీసిన నమూనా మన యెండలో పడియుండరాదు. వేడికి కణములు పగిలి ఫలితము తప్పగును. నీడన, చల్లని పెట్టెలో, ఆలస్యము లేక పంపు ఏర్పాటు ఉన్నదో లేదో విచారించుడు.

నాల్గవది: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులు. గర్భిణికి హీమోగ్లోబిను 11 గ్రాములకు తగ్గరాదు. 7కు లోబడినచో వెంటనే పెద్దాసుపత్రికి చేర్చవలెను. ఈ అంకెను తెలుపునది టెక్నీషియను పరీక్షయే. కండ్లరెప్పల తెలుపు చూచి ఊహించుట చాలదు.

అయిదవది: పాలపండ్లు ఊడినపుడు రక్తము ఆగని పిల్లవాడు, ఊరక కీళ్లు వాచు పిల్లవాడు మీ యూర నున్నచో, దిష్టి యని ఊరుకొనక, పరీక్షకు పంపించుడు.

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము చదివిన యువతీ యువకులు వైద్య ప్రయోగశాల డిప్లొమాలో చేరవచ్చును. పంట చేతికి రాని యేట బెంగుళూరుకు కూలికి తరలిపోవు కుటుంబముల పిల్లలకు ఇదియొక గౌరవప్రదమైన దారి. ఓర్పు, శుభ్రత, తప్పును దాచని మనస్సు గల పిల్లలను గుర్తించి ప్రోత్సహించుట పంచాయతీ చేయదగిన మంచిపని.

చెలమలోని నీరు తేరిన పిదప గాని మన తల్లులు కడవ ముంచరు. రక్తము విషయమునను అంతటి ఓర్పు, అంతటి శ్రద్ధ గ్రామమునుండియే మొదలు కావలెనని మా మనవి.